ఎర్ర వేరు కషాయం

పొట్లం ఇంకా నా చేతిలోనే ఉంది. పోయిన వారం మనం విడిపోయింది అక్కడే. శనివారం పొద్దున, సింగపూర్‌లో పుంగ్గోల్ అనే పేటలో మా పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో, మా చెల్లెలు నిఖిల బడిసంచి అడుగున నాకు దొరికింది ఆ పొట్లం. గోధుమరంగు కాగితం, పైన చైనా అక్షరాలు, లోపల చెక్క పెచ్చుల్లాంటి ఎర్రటి వేరు ముక్కలు.

మొదటిసారి చదువుతున్నవాళ్లకి నాలుగు మాటలు చెప్పాలి. నా పేరు అరుంధతి, నాకు పదిహేడేళ్లు. నాకు రెండేళ్లప్పుడు మా నాయన పార్థసారథి, అమ్మ ఉద్యోగాల కోసం సింగపూర్ వచ్చేశారు. నన్ను నంద్యాల పక్క పల్లెలో మా జేజి పెంచింది. జేజి అంటే మా నాయన వాళ్లమ్మ, సుబ్బమ్మ. నిఖిల ఇక్కడే పుట్టింది, అమ్మానాయనల దగ్గరే పెరిగింది. దానికి వాళ్లు, నాకు జేజి. పంపకం సరిగానే ఉందనుకునేదాన్ని. పది నెలల కిందట జేజి కాలిలో రక్తం గడ్డకట్టింది. నాయన వచ్చి మా ఇద్దరినీ ఇక్కడికి తెచ్చుకున్నాడు.

అప్పటి నుంచి జేజి రోజూ సాయంత్రం వార్ఫరిన్ అనే మాత్ర వేసుకుంటోంది. రక్తం మళ్లీ గడ్డకట్టకుండా పలచగా ఉంచే మాత్ర అది. మరీ పలచబడితే ప్రమాదం కాబట్టి క్లినిక్‌లో రక్తం తీసి ఒక నంబరు చూస్తారు. అది రెండుకీ మూడుకీ మధ్య ఉండాలి. రెండు వారాల కిందట మూడున్నర దాటింది. ఈ వారం జేజి మోచేతుల మీద నేరేడుపండు రంగు మచ్చలు లేచాయి. నిన్న సాయంత్రం మళ్లీ రక్తం తీసి పంపారు. ఫలితం ఇంకా రాలేదు.

అటువంటప్పుడు దొరికింది పొట్లం.

"నిఖిలా!"

నా గొంతులో అంత కేక ఉందని నాకే తెలియదు. ఈ ఇంటికొచ్చాక నేను గట్టిగా మాట్లాడటం అదే మొదలు. లాప్‌టాప్ ముందున్న నాయన తలెత్తాడు. కిటికీ పక్క సోఫాలో కూర్చుని కింద పోయే బుల్లి రైళ్లను చూస్తున్న జేజి ఇటు తిరిగింది. నిఖిల నోట్లో బ్రష్‌తోనే బయటికొచ్చింది.

"ఇదేంది?" అన్నాను.

"నా ప్రాజెక్ట్‌ది. నా బ్యాగ్ ఎందుకు ఓపెన్ చేశావ్ అక్కా?"

"బ్యాగు సంగతి తర్వాత. దీన్ని జేజికి ఇస్తాండావా, లేదా?"

అది జేజి వైపు చూసింది. జేజి దాని వైపు చూసి, కనబడీ కనబడకుండా తల అడ్డంగా ఊపింది.

నాకు గుచ్చుకున్నది ఆ చూపే. పొట్లం చూసినప్పుడు భయమేసింది, అంతే. ఈ చూపుకి ఒళ్లు మండింది. పదిహేనేళ్లు ఒకే పక్కలో పడుకున్నాం జేజీ నేనూ. మా ఇద్దరి మధ్య ఒక గుట్టు ఉంటే అది మూడోవాళ్లకి తెలియకుండా ఉండేది. ఇప్పుడు ఆ మూడోదాన్ని నేనయ్యాను.

ఇదంతా మొదలైంది మూడు వారాల కిందట, నిఖిల సైన్స్ ప్రాజెక్టుతో. చైనా మూలికలు రక్తం గడ్డల మీద ఎలా పనిచేయవచ్చు అన్నది విషయం. మా బ్లాకు కిందనే టే ఆంటీ మందుల కొట్టు ఉంది. గోడ నిండా చెక్క సొరుగులు, ఒక్కో సొరుగులో ఒక్కో ఎండు వేరు. బడి వదలగానే నిఖిల అక్కడికి పోయి ఆమెను ప్రశ్నలతో చంపేది. ఇంటికొచ్చి జేజి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, ఉల్లిపాయల వల సంచీ, ఎర్ర పూసలూ పరిచి పాఠం చెప్పేది.

"బ్లడ్‌లో ఈ బీడ్స్ లాంటివి ఉంటాయి జేజీ. దెబ్బ తగిలితే ఒకదానికొకటి అంటుకుంటాయి. తర్వాత ఈ నెట్ వచ్చి అన్నిటినీ కట్టేస్తుంది. అదే క్లాట్."

"మా కాలవలో గుర్రపుడెక్క అల్లుకుంటే నీళ్లు నిలబడిపోతాయే, అట్లనా?"

"గుర్రపుడెక్క అంటే?"

దాని గురించి జేజి అరగంట చెప్పింది. నేను వంటింట్లో తోటకూర కోస్తూ అంతా విన్నాను.

"మరి ఈ ఎర్ర వేరు ఏం చేస్తాది?"

"దీని పేరు డాన్‌షెన్. ల్యాబ్‌లో చూస్తే ఇందులో ఉన్నవి బీడ్స్‌ని అంటుకోనివ్వడం లేదు. నెట్ కరగడానికి కూడా హెల్ప్ చేస్తాయంటారు. కానీ మనుషుల్లో అంత గట్టి ప్రూఫ్ లేదు జేజీ. బాగా చేసిన స్టడీస్ తక్కువ."

"కరిగిస్తాదంటావు."

"మే బీ అంటున్నా, మే బీ!"

ఇద్దరూ నవ్వుకున్నారు. జేజి నన్ను ఎప్పుడూ అంత ఇదిగా ఏదీ అడగలేదు. అడిగే పని ఉండేది కాదు. నాకు తెలిసినవన్నీ ఆమె చెప్పినవే కదా. కొత్త సంగతులన్నీ చిన్నదాని దగ్గర ఉన్నాయి, నా దగ్గర ఉన్నవి పాతబడిపోయాయి. కోస్తున్న తోటకూరతో పాటు వేలూ కోసుకున్నాను ఆరోజు. ఎవరూ చూడలేదు.

ఆ వారం నుంచే జేజి నా వంట తినడం మానేసింది. నాలుగు రకాల ఆకుకూరలు, చింతపండు వేసి ఎనిపిన పుల్లగూర ఆమెకు ప్రాణం. ఇక్కడి సంతలో తోటకూరను బయం అంటారని నేర్చుకుని, పొద్దున్నే పోయి తెచ్చి, రోజూ చేసేదాన్ని. ఆమె గిన్నెను పక్కకు జరిపి, మజ్జిగన్నంలో ఉప్పు లేని బీరకాయ కలుపుకునేది. సాయంత్రం నిఖిల బ్రెడ్డు ముక్క పాలలో ముంచి ఇస్తే తినేది. నా కళ్ల ముందే తినేది.

"ఏమిచ్చావ్ జేజికి?" నాయన లేచాడు. "నిఖిలా, లుక్ ఎట్ మీ. కషాయం ఇచ్చావా?"

"ఇచ్చాను డాడీ. బట్..."

"బట్ ఏంటి? వార్ఫరిన్ మీద ఉన్న మనిషికి మూలికలు ఇస్తావా? ఫస్ట్ డేనే డాక్టర్ చెప్పాడా లేదా? నువ్వు చదివేది దేని గురించి అసలు?"

"డాడీ, ఒక్క నిమిషం విను..."

"షటప్!"

ఆ మాట నాయన దాన్ని ఎప్పుడూ అనలేదట. నిఖిల గడ్డం మీదికి బ్రష్ నురగ జారింది. నాకు లోపల చల్లగా అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఎండలో నడిచొచ్చి కుండలో నీళ్లు తాగినట్టు అనిపించింది.

"పిల్లదాన్ని ఏమనొద్దురా సారథీ," అంది జేజి. "నేనే అడిగినా. ఇయ్యనని మొత్తుకునె. అన్నం మానేస్తానని బెదిరిస్తి."

"ఎందుకమ్మా?"

జేజి చేతుల మీద మచ్చలు కొంగుతో కప్పుకుంది. "గడ్డ కరిగిపోతే ఈ రక్తం పరీక్షలుండవు గదా. అరుంధతిని తీసుకొని ఊరికి పోదామనుకున్యా. ఈ ఊళ్లో దానికి మాట్లాడేకి మనిషి లేరు. కిటికీతో మాట్లాడుకుంటాంది. నేను చూళ్లేదనుకుంటాంది."

నా చేతిలో పొట్లం బరువెక్కింది. అంటే జేజి నిఖిలను కూర్చోబెట్టుకుని అడిగిన ప్రశ్నలన్నీ నా కోసమా? నేను నోరు తెరిచేలోగా నాయన ఫోను మోగింది. క్లినిక్ నుంచి. నాయన "యెస్, యెస్" అంటూ విని, ఫోను పెట్టేసి మా వైపు తిరిగాడు.

"నంబరు ఏడు దాటింది. వెంటనే హాస్పిటల్ ఎమర్జెన్సీకి రమ్మన్నారు. అమ్మని కింద పడనివ్వొద్దు, దెబ్బ తగలనివ్వొద్దు అన్నారు."

శనివారమైనా ఆఫీసుకు పోయిన అమ్మకు కబురు చెప్పి, జేజిని నడిపించుకుంటూ లిఫ్టులో దిగాం. బ్లాకు కింద రాతి బల్ల మీద ఆమెను కూర్చోబెట్టి టాక్సీ కోసం చూస్తున్నాం. అప్పుడే టే ఆంటీ కొట్టు షట్టరు పైకెత్తుతోంది. డెబ్భై ఏళ్ల మనిషి, పొట్టి జుట్టు, మెడలో తాడుకి కట్టిన కళ్లద్దాలు. నాయన నా చేతిలోంచి పొట్లం లాక్కుని ఆమె దగ్గరికి పోయాడు. వెనకాల నిఖిల పరుగెత్తింది. జేజి కూర్చునే ఉండేట్టు చూసుకుంటూ నేను మధ్యలో నిలబడ్డాను, రెండు వైపులా వినబడేట్టు. ఇంగ్లీషు మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు గానీ, వింటే అర్థమవుతుంది.

"ఇది మా అమ్మకు అమ్మారా మీరు?"

ఆమె పొట్లం విప్పి చూసింది. "డాన్‌షెన్. ఇది నీ కూతురికి స్కూల్లో చూపించడానికి ఇచ్చాను. తూకం చూస్తావా? ఒక్క ముక్క తగ్గదు." కొట్టులోపల గోడకున్న బోర్డు చూపించింది. "నా కొట్లోకి ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న అదే. రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నారా? వేసుకుంటుంటే ఇది కెనాట్, ఇవ్వకూడదు. వార్ఫరిన్‌తో కలిస్తే ఆ మాత్ర బలం పెరిగిపోతుంది. నలభై ఏళ్లుగా చెబుతున్నాను, నీకు కొత్త ఏమో గానీ నాకు కాదు."

"మరి కషాయం ఇచ్చానంటోంది ఇది!"

"ఎర్ర ఖర్జూరం," అంది నిఖిల. ఏడుస్తోంది. "జేజి ఊరుకోలేదు డాడీ. నేను ఇవ్వకపోతే తనే కిందికొచ్చి కొనుక్కుంటానంది. నాకు భయమేసి ఆంటీని అడిగాను. ఆంటీ ఎర్ర ఖర్జూరాలు ఇచ్చింది. అవి మరిగించి, కలర్ కోసం కొంచెం బీట్‌రూట్ వేశాను. అంతే. జేజికి చెప్పొద్దు, ప్లీజ్. తనకి బాగవుతోందనుకుంటోంది."

"మంచి పిల్ల," అంది టే ఆంటీ. "నీకు చెప్పమని రెండుసార్లు అన్నాను. అది మాత్రం వినలేదు."

నాయన నిఖిల తల మీద చెయ్యి వేశాడు. తర్వాత దగ్గరికి లాక్కున్నాడు. కాసేపటి కిందట నా లోపల ఉన్న చల్లదనం ఇప్పుడు ఎక్కడా లేదు. అది తప్పు చేయలేదు. తప్పు చేయకపోవడమే కాదు, జేజిని కాపాడింది కూడా. పద్నాలుగేళ్లకే.

"మరి నంబరెందుకు పెరిగింది?" అన్నాడు నాయన.

"మందు కాకపోతే తిండి చూడు," టే ఆంటీ కళ్లద్దాలు పెట్టుకుని జేజి వైపు పరీక్షగా చూసింది. "మా వాళ్లు జిన్‌సెంగ్ తాగితే ముల్లంగి తినరు. మందు తాగే రోజుల్లో ఫలానాది ముట్టకూడదని మా ముసలాళ్లకు పెద్ద పట్టింపు. మీకు లేదా అలాంటిది?"

నాయన "ఏమో" అన్నాడు. టాక్సీ వచ్చింది.

నాయనకు తెలియదు. ఊరొదిలి చాలా ఏళ్లయింది. నిఖిలకు ఆ మాటే తెలియదు. టాక్సీలో జేజి చెయ్యి పట్టుకుని కూర్చున్న నాకు మాత్రం తెలుసు.

పథ్యం.

మా ఊళ్లో నాటుమందు తాగితే పథ్యం ఉండాల్సిందే. పథ్యం లేని మందు మందే కాదంటారు. పులుపు కూడదు, ఆకుకూర కూడదు, వంకాయ కూడదు. ఉప్పు లేని బీరకాయ, మజ్జిగన్నం. బ్రెడ్డు. మా ఊళ్లో బ్రెడ్డు ఎవరు తింటారు? జ్వరం వచ్చినవాళ్లు తింటారు. నాకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు ఇదే జేజి నాకు నలభై రోజులు ఇలాగే పెట్టింది. మూడు వారాలు ఆమె నా ఎదురుగా పథ్యం చేస్తుంటే, పథ్యంలో పెరిగిన నేను, దాన్ని అలక అనుకున్నాను. చిన్నది దొరికాక నా చేతి కూడు చేదైందనుకున్నాను.

వార్ఫరిన్ మొదలుపెట్టిన రోజే డాక్టరు చెప్పాడు. ఆకుకూరల్లో ఉండే విటమిన్ ఈ మాత్రకు ఎదురు పనిచేస్తుంది, రోజూ ఎంత తింటోందో అంతే తిననివ్వండి, ఆ తిండిని బట్టే మాత్ర మోతాదు పెడుతున్నాం, ఒక్కసారిగా మానితే రక్తం పలచబడిపోతుంది అని. ఆ మాట విన్నది నేను. గోడకు రాసి అంటించింది నేను.

రెండు వారాల కిందట నంబరు మూడున్నర దాటినప్పుడు క్లినిక్‌లో అడిగారు కూడా. "ఫుడ్ అంతా సేమ్ కదా?" పక్కన నిఖిల ఉంది. జేజి నా వంట ముట్టడం లేదని దాని ముందు ఎలా చెప్పను? "సేమ్" అన్నాను. నా అంతట నేను ఇంగ్లీషులో జవాబు చెప్పిన మొదటి రోజది. ఇంటికొచ్చి, జేజి వదిలేసిన పుల్లగూరను ఎవరూ చూడకుండా వంటింటి గోడలోని చెత్త గొట్టంలోకి వంచాను. తర్వాత రోజూ అంతే. అది పదకొండు అంతస్తులు జారి కింద పడే చప్పుడు విని, గిన్నె కడిగి బోర్లించేదాన్ని.

హాస్పిటల్లో జేజిని చక్రాల మంచం మీద పడుకోబెట్టి, తెర లాగారు. నాయన పేరు రాయించడానికి కౌంటరు దగ్గరికి పోయాడు. డాక్టరు వయసులో చిన్నామె. కళ్ల కింద నల్లటి చారలు. జేజి చిగుళ్లు చూసింది, చేతులు చూసింది, కళ్లలోకి లైటు వేసింది.

"తల నొప్పి ఏమైనా ఉందా?"

నిఖిల తెలుగులో అడిగింది. జేజి చేత్తో తల ఒక పక్క చూపించింది. "పొద్దున్నుంచి ఉండాది. ఈ పక్క. బాత్రూములో గోడ తగిలింది మొన్న. చిన్న దెబ్బే."

నిఖిల చెప్పగానే డాక్టరు ముఖం మారింది. నర్సుకి గబగబా ఏదో చెప్పింది. తల స్కాన్ అన్న మాట నాకు అర్థమైంది. తర్వాత కంప్యూటర్లో చూస్తూ మా వైపు తిరిగింది.

"ఇంజెక్షన్ ఇచ్చే ముందు నాకు తెలియాలి. పోయినసారి తిండిలో మార్పు లేదని రాసుంది. నిజంగా మార్పు లేదా? మూలికలు? ఏదైనా?"

"మా పెద్దదాన్ని అడుగమ్మా," అంది జేజి తనకు అర్థమైనట్టే, నా మోచెయ్యి తట్టి. "నా తిండీ తిప్పలూ దానికే తెలుసు."

డాక్టరు నన్ను చూసింది. నేను నోరు తెరిచాను. ఇంగ్లీషు రాలేదు. ఒక్క ముక్కా రాలేదు. గొంతులో ఉన్న తెలుగు మాత్రం ఒక్కసారి బయటపడింది. డాక్టరుకి కాదు, నిఖిలకి చెప్పాను.

"జేజి మూడు వారాలుగా ఆకుకూర ముట్టలేదు. పథ్యం చేస్తాంది. మందు తాగితే తినగూడదని మా ఊళ్లో ఉంటాదే, అది. నాకు తెలుసు. తినలేదని రోజూ చూస్తినే. నేను పారబోస్తి. క్లినిక్‌లో అబద్ధం చెప్తి. నీ ముందర చిన్నతనమైతాదని చెప్పలేదు. నువ్వు ఆమెకు చెప్పు నిఖిలా, అంతా చెప్పు. నేనే చేసినానని చెప్పు."

జేజి నా మోచెయ్యి మీద నుంచి చెయ్యి తీయలేదు. అంతా విన్నది.

నిఖిల నన్ను చూస్తూ ఉండిపోయింది. ఇన్ని నెలల్లో అది నన్ను అంతసేపు చూడటం అదే. తర్వాత ముక్కు తుడుచుకుని డాక్టరు వైపు తిరిగింది. అదే సమయానికి తెర పక్కకు లాగి నాయన లోపలికొచ్చాడు.

"ట్వంటీ వన్ డేస్," అంది నిఖిల. "ఆకుకూరలు పూర్తిగా మానేసింది. అంతకుముందు రోజూ తినేది. మూలికలేమీ తీసుకోలేదు, అవి ఉత్త ఖర్జూరాలు." "ఐ టోల్డ్ హర్ టు స్టాప్ ద గ్రీన్స్. అక్కడ క్లినిక్‌లో చెప్పొద్దని జేజితో అన్నది కూడా నేనే. మై సిస్టర్ డిడ్ నాట్ నో."

డాక్టరు తల ఊపి రాసుకుంది. ఆమెకు కావలసింది ఆమెకు దొరికింది. ఆకుకూరలు, ఇరవై ఒక్క రోజులు. మిగతాది ఎవరు చేస్తే ఆమెకేం?

అప్పుడైనా నాకు మొదట కలగాల్సింది కృతజ్ఞత. కలగలేదు. ఇది కూడా నిఖిల నాకంటే బాగా చేసిందే అన్న మంట కలిగింది. తప్పు నాది. ఆ తప్పును మోసే పెద్దతనం కూడా అదే తీసుకుపోయింది.

"నిఖిలా," అన్నాడు నాయన. కేక వేయలేదు. కింద కొట్టు దగ్గర దాని తల మీద పెట్టిన చెయ్యి ఇప్పుడు తెర అంచును పట్టుకుని ఉంది. "బయటికి రా."

అది నా వైపు చూడకుండానే నడిచింది. నర్సు మంచం చక్రాల బ్రేకు తీసింది. స్కాన్‌కి తీసుకుపోతామంది.

జేజి నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు నొప్పి పుట్టింది.

"ఏమన్యాదిమే చిన్నది?" అంది. "నువ్వు చెప్పింది నేను వింటి. అది డాక్టరమ్మకు ఏం చెప్పె? మీ నాయన దాన్ని ఎందుకట్ల తీసుకపోతాండాడు?"

మంచం కదిలింది. నేనూ దాంతోపాటే నడుస్తున్నాను.

"అరుంధతీ, నిన్నే అడుగుతాండా. అది ఏం చెప్పె?"